ముప్పై నంబరు నూనె

మొన్న మా పక్కింటి రైతు కొత్త ట్రాక్టరు కొన్నాడు. దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఇంటి ముందు నిలబెట్టాడు. మర్నాడు పొద్దున్నే దాంతోపాటు వచ్చిన పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మా వీధిలో ఇంగ్లీషు చదవగలిగే ముసలివాణ్ణి నేనొక్కణ్ణే.

"బాబాయ్, ఇంజన్ల ఏ నూనె పొయ్యాల్నో ఇండ్ల రాసుందట. దుకాణమాయన ఏదో డబ్బా ఇస్తనంటున్నడు. జెర చదివి చెప్పు."

కళ్ళద్దాలు పెట్టుకుని పేజీ తీశాను. గళ్ళు గీసిన పట్టిక. ఒక పక్క వేడి, ఒక పక్క చలి, మధ్యలో నూనె నంబర్లు. చదివి చెప్పి పంపించాను గానీ, ఆ రోజంతా నాకు మరే పనీ సాగలేదు. ఇలాంటి పట్టికనే, ఇదే కొంటాలో, బస్తరు ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజుల్లో, వేరొక మనిషికి చదివి వినిపించాను. ఒకసారి కాదు, పది పదిహేనుసార్లు.

ఆయన లారీ డ్రైవరు. ఊళ్ళో అందరూ మోటారాయన అనేవాళ్ళు. నేను డ్రైవరుగారూ అనేవాణ్ణి. పేరేమిటని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఎక్కడివాడో కూడా సరిగా తెలియదు. మాట తీరు భద్రాచలం వైపుది. మద్దేడు దగ్గర రోడ్డు పనిలో బండి నడిపాడని కొందరు, రంగూన్‌లో పని నేర్చాడని కొందరు అనేవాళ్ళు. ఆయన మాత్రం ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. చొక్కా ఎప్పుడూ తెల్లగా ఉండేది. మోటారు పని చేసేవాడి చొక్కా అంత తెల్లగా ఎలా ఉంటుందో మా ఆవిడకు అంతుపట్టేది కాదు.

నేను అప్పుడు కొంటా ఆసుపత్రిలో కంపౌండరుని. ఆసుపత్రంటే రెండు గదులు, ఒక వరండా. ఒక డాక్టరుగారు, నేను. కొత్తగా పెళ్ళయింది. భేజ్జి వైపు అడవిలో కలప కొట్టించి, శబరి రేవుకు చేర్చి, తెప్పలు కట్టి కిందికి పంపే కంట్రాక్టరు ఒకాయన ఉండేవాడు. తెలుగాయనే. దుంగలన్నీ ఎడ్ల బండ్ల మీదే వచ్చేవి. ఒక చలికాలం ఆయన జగదల్పూర్ నుంచి కొత్త లారీ తెప్పించాడు. దాన్ని నడుపుకుంటూ వచ్చినవాడే ఈయన. ఊరంతా చూడ్డానికి వెళ్ళాం. అందరూ లారీని చూస్తుంటే ఆయన లారీ కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపించాయి.

ఆ సాయంత్రమే ఆసుపత్రి వరండాలోకి వచ్చాడు. జబ్బు చూపించుకోవడానికి వచ్చాడనుకున్నాను. తువ్వాలులో చుట్టిన పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

"కంపౌండరు గారూ, మీకు ఇంగ్లీషొచ్చునన్నరు. ఇండ్ల నూనె సంగతి ఏడుందో చూస్తరా?"

వెతికి చదివాను. అర్థం చెప్పాను. చలి ఎక్కువుంటే పల్చనిది, వేడి ఎక్కువుంటే చిక్కనిది. మంచు గడ్డకట్టే చోట ఇంకా పల్చనిది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇంకోపాలి చదువుండ్రి."

మళ్ళీ చదివాను. పుస్తకాన్ని తువ్వాలులో చుట్టుకుంటూ, "ఈ పుస్తకం రాసిన దొర కొంటా ఎండ జూసిండా?" అని అడిగాడు.

"చూసి ఉండడు."

"మన చలి?"

"అదీ చూసి ఉండడు."

"అయితే ఆయన మాట సగం, మన ఎండ మాట సగం వినాలె" అని లేచాడు. ఆ రాత్రి ఏం లెక్క వేసుకున్నాడో, మర్నాడు కంట్రాక్టరుతో చెప్పాడట, జగదల్పూర్‌లో పోసిన నూనె తీసేస్తాననీ, చలికాలం వెళ్ళేదాకా ముప్పై నంబరు, ఎండలు ముదిరాక నలభై కావాలనీ, తెప్పించమనీ. కంట్రాక్టరు దగ్గర అప్పటికే ఒక పీపా నిండా నూనె ఉంది. ఆయన బియ్యపు మిల్లు ఇంజనుకు వాడే చిక్కటి నూనె. అది పొయ్యమన్నాడు. ఈయన పొయ్యనన్నాడు.

ఆ గొడవ నా కళ్ళ ముందే జరిగింది. షెడ్డు దగ్గర ఇద్దరూ నిలబడి ఉన్నారు.

"ఏందయ్యా నీ చాదస్తం? నూనె ఎంత చిక్కగుంటే అంత మంచిది గాదా? పాలైనా అంతే, పప్పైనా అంతే" అన్నాడు కంట్రాక్టరు.

"జ్వరం మనిషికి గంజి పోస్తరు దొరా, ముద్ద పెట్టరు. కొత్త ఇంజన్ల సందులు సన్నగుంటయి. పొద్దుగాల చలికి మీ నూనె జిడ్డు లెక్క నిలబడ్తది. అది పైకి ఎక్కేలోపల్నే లోన ఇనుము ఇనుము రాస్కుంటది. ఆ నష్టం ఇవాళ కనబడదు. రెండేండ్లకు కనబడ్తది. అప్పుడు బండిది తప్పంటరు."

"నేను చెప్తున్న, పొయ్యి."

"మీ బండి. మీరే పొయ్యండ్రి. నేను తాళంచెవి ఇచ్చి పోత."

కంట్రాక్టరు పొయ్యలేదు. సరైన నూనె డబ్బాలు రాజమండ్రి నుంచి గోదావరి మీద, అక్కణ్ణించి శబరి మీద పడవలో రావాలి. పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ అంత కొత్త లారీ షెడ్డులో నిలబడిపోయింది. భేజ్జి దారిలో దుంగలు పడి ఉన్నాయి. కూలీలు నవ్వుకున్నారు. ఆయన మాత్రం రోజూ బండి తుడిచి, మెట్టు మీద కూర్చుని, రేవు వైపు చూసేవాడు. పడవ వచ్చిన రోజున డబ్బా మూత తీసి, వేలు ముంచి, బొటనవేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అంతటితో ఆగలేదు. ఆసుపత్రికి వచ్చి రెండు కొలతగ్లాసులు అడిగి తీసుకువెళ్ళాడు. ఒకదానిలో కొత్త నూనె, ఒకదానిలో మిల్లు నూనె పోసి, రెండూ ఒకేసారి వంచి, ధార ఎలా దిగుతుందో కంట్రాక్టరుకు చూపించాడు. కంట్రాక్టరు చూశాడు. ఆ తర్వాత నూనె విషయంలో ఎప్పుడూ నోరు పెట్టలేదు.

గ్లాసులు తిరిగి ఇచ్చినప్పుడు అవి నేను కడిగినదానికన్నా శుభ్రంగా ఉన్నాయి.

ఆయన పొద్దున లేచి ముందు చేసే పని, ఇంజనులోంచి నూనె కొలిచే కడ్డీ తీసి చూడటం. అది చూడకముందు ఎవరైనా పలకరిస్తే జవాబివ్వడు. కడ్డీ మీద రెండు గీతలుంటాయి. "ఆ రెండు గీతల నడుమ ఉండాలె. ఎక్కువైనా చేటే, తక్కువైనా చేటే" అనేవాడు. దుంగలెత్తే దోర్లవాళ్ళతో వాళ్ళ భాషలో, బజారులో హిందీలో, జగదల్పూర్ నుంచి వచ్చిన వాళ్ళతో హల్బీలో మాట్లాడేవాడు. ఏ భాషలోనూ పది మాటలు మించేవి కావు. ఆ పదీ అయ్యాక ఆయన షెడ్డుకు ఆయన వెళ్ళిపోయేవాడు. వంట ఆయనే చేసుకునేవాడు. ఎవరింట్లోనూ అన్నం తిన్నట్టు నాకు తెలియదు. ఒకసారి మా ఆవిడ వెదురు కొమ్ముల కూర వండి నాతో పంపించింది. మర్నాడు గిన్నె తోమి, అందులో నాలుగు నిమ్మకాయలు పెట్టి, మా గుమ్మం ముందు పెట్టి వెళ్ళాడు. తలుపు కొట్టలేదు. అప్పటినుంచి మాత్రం నన్ను ఎక్కడ చూసినా, "చెల్లెమ్మకు మంచిదేనా?" అని అడిగేవాడు.

ఒకరోజు ఆసుపత్రికి వచ్చి, మందులు వడపోసే తెల్ల కాగితాలు రెండు మూడు ఇస్తారా అని అడిగాడు. ఇచ్చాను. నెలకోసారి వచ్చి తీసుకువెళ్ళేవాడు. ఎందుకో తెలియక ఒక ఆదివారం షెడ్డుకు వెళ్ళాను. ఆయన గదిలో ఒక నులక మంచం, ఒక ట్రంకుపెట్టె, రెండు గిన్నెలు. గోడకు దేవుడి పటం లేదు, మనుషుల ఫొటో లేదు. నేనిచ్చిన కాగితాలు వరసగా మేకులకు గుచ్చి ఉన్నాయి. ప్రతి కాగితం మధ్యలో నూనె చుక్క. చుక్క చుట్టూ వలయం.

"నడిమిట్ల నల్లగ, చుట్టు తేటగ పాకితే నూనె ఇంకా బతికున్నట్టు" అన్నాడు. "అంతా ఒక్క తీరున నల్లగ గడ్డకడితే పని అయిపోయినట్టు."

ఒక్కొక్క కాగితం ముందు నిలబడి చెప్పాడు. ఇది మొదటి చలికాలంది. ఇది వానల్లో వాగు దాటుతుంటే ఇంజన్లో నీళ్ళు పోయినప్పటిది. ఇది ఎండాకాలం భేజ్జి దారిలో మూడు రోజులు నిలబడ్డప్పటిది. అన్ని మాటలు ఆయన మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. చివరి కాగితం కూడా అయింది. నన్ను కూర్చోమనడానికి మంచం తప్ప ఇంకేమీ లేదు. మంచం మీద దుప్పటి సర్ది, కూర్చోమని అనబోయి, ఎందుకో అనలేదు. నేను కూడా పని ఉందని చెప్పి వచ్చేశాను. నాకు ఆ రోజు ఏ పనీ లేదు.

తర్వాత యుద్ధం వచ్చింది. ఎక్కడో దేశాలవతల జరిగే యుద్ధానికి మా రేవులో సరుకు ఆగిపోయింది. పెట్రోలుకు పర్మిట్లు. నూనె డబ్బాలు రావడం దాదాపు మానేశాయి. ఆయన ఉన్న నూనెను ఆరుసార్లు వడగట్టి వాడి, ఇక పనికిరాదని కాగితం చెప్పిన రోజున కింది నట్టు విప్పి మొత్తం దించేశాడు. ఆ నల్ల నూనె ఎడ్ల బండ్ల ఇరుసులకు పట్టుకుపోయారు. పడవలో రెండు డబ్బాలు వస్తున్నాయని కబురు ఉంది. అవి వచ్చేదాకా ఇంజను ఖాళీ. మిల్లు కూడా నూనె లేకే మూతపడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆవిడకు నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. రెండు రోజులు గడిచింది. మంత్రసాని చెయ్యి పెట్టి చూసి, బిడ్డ అడ్డం తిరిగిందంది. డాక్టరుగారు టీకాలు వేయడానికి సుక్మా వైపు వెళ్ళి అక్కడే మకాం ఉన్నారు. దాదాపు యాభై మైళ్ళు. ఎడ్ల బండి మీద తీసుకువెళితే ఆమె బతకదని నాకు తెలుసు. కంట్రాక్టరు ఊళ్ళో లేడు, రాజమండ్రి వెళ్ళాడు.

మిట్టమధ్యాహ్నం షెడ్డుకు పరిగెత్తాను. ఆయన అన్నం తింటున్నాడు. చెప్పాను. చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. లారీ దగ్గరికి వెళ్ళి, ఇంజను మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"పెట్రోలుంది. నూనె చుక్క లేదు" అన్నాడు.

"ఏదో ఒక నూనె..."

ఆ మాట ఆయనతో అన్నానని ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన నా వైపు చూశాడు.

"ఆసుపత్రిల ఆముదం ఎంతుంది?"

ఉంది. సర్కారు సరుకు, విరేచనాలకు ఇచ్చే ఆముదం. డబ్బాలు రెండు, సీలు కూడా తీయనివి. తాళం నా దగ్గరే ఉంటుంది. డాక్టరుగారి సంతకం లేకుండా చెంచాడు కూడా బయటికి తీయకూడదు.

"పని చేస్తుందా?" అన్నాను.

"చేస్తది. సుక్మా దాకా తీస్కపోతది. దాని తర్వాత సంగతి నాకు తెల్సు. మీరు అడగకండ్రి. తెండ్రి."

తెచ్చాను. ఆయన ఆముదాన్ని పొయ్యి మీద గోరువెచ్చగా చేసి, బట్టలో వడగట్టి పోశాడు. పోసేటప్పుడు ఒక్కసారి చెయ్యి ఆగింది. మళ్ళీ పోశాడు. లారీలో గడ్డి పరిచి, పైన పరుపు వేసి, మా ఆవిణ్ణి పడుకోబెట్టాం. నేనూ మంత్రసానీ పక్కన కూర్చున్నాం. దారి పొడుగునా ఆయన గుంత వచ్చినప్పుడల్లా బండిని దాదాపు ఆపేసి, చేత్తో దించినట్టు దించాడు. ఇంజను పొగ కాలిన ఆముదపు వాసన వేసింది. ఆ వాసన ఇప్పటికీ నాకు పడదు.

పొద్దు గుంకకముందే సుక్మా చేరాం. డాక్టరుగారు బిడ్డను తిప్పి బయటికి తీశారు. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల. తల్లి బతికింది. ఈ సంగతి చెప్పడానికి బయటికి వస్తే, ఆయన లారీ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. చెప్పాను. లేచి నిలబడ్డాడు.

"చెల్లెమ్మకు తెలివొచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది."

"అయితే మంచిదే" అని, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

మేం సుక్మాలో ఉండిపోయాం. ఆయన మర్నాడు ఖాళీ బండితో తిరుగు ప్రయాణమయ్యాడు. ఆముదం ఇంజను లోపల ఇన్నాళ్ళుగా పట్టిన మడ్డినంతా ఊడదీసి, నూనె పారే సన్న దారుల్లోకి దింపి మూసేసింది. దోర్నపాల్ దగ్గర బేరింగులు పట్టేసి బండి నిలిచిపోయింది. ఆ అడవి దారిలో, బండి పక్కన, ఆయన రెండు పగళ్ళు, రెండు రాత్రులు ఒక్కడే ఉన్నాడు. బండిని వదిలి రాలేదు. మూడో రోజు బండ్లవాళ్ళు కనిపించి, నాలుగు జతల ఎడ్లు కట్టి కొంటాకు లాక్కొచ్చారు.

మేం పది రోజుల తర్వాత ఇంటికి చేరాం. కంట్రాక్టరు కూడా అప్పటికి వచ్చాడు. నన్ను చూసి మా ఆవిడ సంగతి అడిగి, "షెడ్డు దాకా రా" అన్నాడు. వెళ్ళాను. ఇంజను విప్పేసి ఉంది. గోనెల మీద ఒక్కొక్క భాగం కడిగి, తుడిచి, వరసగా పేర్చి ఉంది. మోటారాయన ఒక మూల నిలబడి ఉన్నాడు.

"ఇది ఎవరు చేసిన పని?" అన్నాడు కంట్రాక్టరు.

"నేనే."

"ఎవరు పొయ్యమన్నరు?"

"ఎవ్వరనలేదు. నా చేత్తోని పోసిన."

"ఆముదం ఎక్కణ్ణించి వచ్చింది?"

ఆయన వంగి, తుడిచిన బేరింగునే మళ్ళీ తుడిచాడు. కంట్రాక్టరు నా వైపు చూశాడు. ఒక్క మాట నోటినుంచి వస్తే చాలు. సర్కారు మందు నూనె దొంగిలించి ప్రైవేటు లారీలో పోయించానని జగదల్పూర్ దాకా కాగితం పోతుంది. ఉద్యోగం పోతుంది. పచ్చి బాలింత, పుట్టిన బిడ్డ కూడా లేని బాలింత, ఇంట్లో పడుకుని ఉంది. ఇన్ని కారణాలు ఒక్క క్షణంలో నా బుర్రలో వరసగా నిలబడ్డాయి. నేను నేల వైపు చూశాను. కంట్రాక్టరు నన్ను ఏమీ అడగలేదు. అటు తిరిగి, "నువ్వు ఇంక పనిలో వద్దు" అన్నాడు ఆయనతో.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె మంచం మీంచి లేచి కూర్చుంది.

"నువ్వు ఏమన్నవ్?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదా?" అంది. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడటానికి ఆమెకు మూడు రోజులు పట్టింది.

నాలుగో రోజున నేను షెడ్డుకు వెళ్ళాను. ఆయన ట్రంకుపెట్టె సర్దుకున్నాడు. గోడ మీద కాగితాలన్నీ తీసేశాడు. మేకులు మాత్రం ఉన్నాయి. కంట్రాక్టరుతో నిజం చెప్తానన్నాను. చెప్తున్నప్పుడే నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

"చెప్పి ఏం జేస్తరు? ఇంజను లేస్తదా?" అన్నాడు. "కొత్త బేరింగులొస్తే, ఎవ్వలైనా ముప్పై నంబరే పొయ్యమని చెప్పుండ్రి. మొదటి నెల బరువెయ్యద్దనుండ్రి."

"రేపు రేవుకు వస్తాను."

"రాకండ్రి" అన్నాడు. మెల్లగానే అన్నాడు. "ఎవ్వలూ రాకుంటే పోవుడు తేలిక. ఎవ్వలన్న నిలబడి చూస్తుంటే కాళ్ళు సాగవు. నాకు అలవాటు లేదు."

నేను వెళ్ళలేదు. ఆయన వద్దన్నాడు గనుకనే వెళ్ళలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. మా ఆవిడ మాత్రం వెళ్ళింది. ఇంకా సరిగా నడవలేని మనిషి, పొద్దున్నే గోడలు పట్టుకుంటూ రేవుకు వెళ్ళేసరికి పడవ వంపు తిరిగిపోయింది. ఒడ్డున కాసేపు నిలబడి తిరిగి వచ్చింది. ఆయన ఎక్కడికి వెళ్ళాడో, తర్వాత ఏ బండి నడిపాడో, మాకు ఒక్క కబురూ రాలేదు.

సంస్థానం పోయింది. కొత్త సర్కారు వచ్చింది. డాక్టరుగారు బదిలీ అయి, తర్వాత పోయారు. పాత స్టాకు పుస్తకాలు చెదలు తిన్నాయి. నేను ఉద్యోగం నుంచి దిగిపోయాను. ఇక ఆ ఆముదం గురించి నన్ను అడిగేవాళ్ళు ఈ భూమ్మీద లేరని తేలాక, ఒకరోజు కంట్రాక్టరు ఇంటికి వెళ్ళాను. ఆయన బాగా ముసలివాడయ్యాడు. కలప వ్యాపారం ఎప్పుడో మానేశాడు. అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించాడు.

"ఆ ఆముదం నేనిచ్చిందే. ఆసుపత్రిది. నా భార్య కోసం. ఆ రోజు మీ ముందు చెప్పలేకపోయాను" అన్నాను. ఒక్క గుక్కలో అనేశాను. అంతసేపూ నేల వైపే చూశాను.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

"నాకెరికే" అన్నాడు. "నేను రాజమండ్రి నుంచి దిగిన రోజే డ్రైవరు చెప్పిండు. ఉన్నదున్నట్టు చెప్పిండు. నీ ఇంటామె సంగతి, డబ్బాల సంగతి, అంతా."

"మరి ఆ రోజు నన్నెందుకు అడగలేదు?"

"ఆయనే వద్దన్నడు. పని పోయినా సరే గని, ఒక్క మాట ఇయ్యుండ్రి దొరా అన్నడు. కంపౌండరును అడగద్దు. అడిగితే ఆయన అబద్ధం ఆడవలసొస్తది. మంచోడు, తర్వాత తట్టుకోలేడు అన్నడు. నేను మాటిచ్చిన. నీ అంతట నువ్వే చెప్తవేమోనని నీ ముందర ఆయన్ను అడిగి చూసిన."

నేను చేతిలో ఉన్న నీళ్ళు అరుగు మీద పెట్టేశాను. ఏదో ఒకటి మాట్లాడి, లేచి వచ్చేశాను. ఇల్లు చేరేసరికి మా ఆవిడ గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"చెప్పినవా?" అంది.

"చెప్పాను" అన్నాను.

"ఏమన్నడు?"

"ఏమీ అనలేదు" అన్నాను.